షంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎంత సేపు?

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని అడిగితే ఒకరు 14,400 కిలోమీటర్లంటారు, ఒకరు 15,500 అంటారు, అమెరికాలో ఉన్న బంధువు తొమ్మిది వేల మైళ్లంటాడు. ఎంత సేపని అడిగితే పదహారు గంటలని ఒకరు, ఇరవై అని ఒకరు, ఒక రోజు పూర్తిగా పడుతుందని మరొకరు చెబుతారు. టికెట్ తీసి చూస్తే తెల్లవారుజామున ఎక్కి అదే రోజు సాయంత్రం దిగుతున్నట్టు ఉంటుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. భూమ్మీద ఆ రెండు చోట్ల మధ్య కనీస దూరం ఎంత అన్నది ఒక ప్రశ్న. విమానం నిజంగా ఎగిరే దారి పొడవు ఇంకో ప్రశ్న. తలుపు మూసినప్పటి నుంచి తలుపు తెరిచేదాకా పట్టే సమయం వేరు, రెండు ఊళ్ల గడియారాలు చూపే సమయం వేరు, మన ఇంటి గడప నుంచి అవతలి ఇంటి గడపకు పట్టే సమయం పూర్తిగా వేరు. ప్రయాణాలలో తప్పే లెక్కలు చాలావరకు కూడికలో తప్పవు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడుకోవడం దగ్గర తప్పుతాయి. అందుకే ఈ అయిదింటినీ విడదీసి, ఒక్కోదాన్ని కాగితం మీద ఉజ్జాయింపుగా వేసుకోవడం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలని ఈ అధ్యాయంలో వాదిస్తున్నాను. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లకు ఇదేమీ కష్టం కాదు.

దూరంతో మొదలుపెడదాం. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. అంత గుండ్రటి అంకె రావడానికి కారణం ఉంది. 1790లలో ఫ్రాన్సులో మీటరును నిర్ణయించినప్పుడు ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరాన్ని కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగానికి ఆ పేరు పెట్టారు. నలభై వేలను 360 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి 111 కిలోమీటర్లు వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా వెళ్లేటప్పుడు ఎక్కడైనా డిగ్రీ అంటే ఇంచుమించు ఇంతే. తూర్పు పడమరలుగా వెళ్లేటప్పుడు మాత్రం అలా కుదరదు. రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర కలిసిపోతాయి గనక పైకి పోయేకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. తెలుగు నేల మీద ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు, ఢిల్లీ దగ్గర 98, డాలస్ దగ్గర 93, లండన్ దగ్గర 69. ఆయా చోటి అక్షాంశానికి కొసైన్ కట్టి 111తో గుణిస్తే ఇవే వస్తాయి. మన ప్రాంతానికి ఈ కొలతతో పాత సంబంధమే ఉంది. 1802లో మద్రాసు దగ్గర సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, 78వ రేఖాంశాన్ని పట్టుకుని కన్యాకుమారి నుంచి ఉత్తరానికి కొలుచుకుంటూ వచ్చాడు. ఒక డిగ్రీ పొడవెంతో తేల్చడం ఆయన పెట్టుకున్న ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆ తర్వాత శిఖరానికి పేరైన జార్జ్ ఎవరెస్ట్ 1818లో ఆయనకు సహాయకుడిగా చేరింది హైదరాబాద్‌లోనే. షంషాబాద్ విమానాశ్రయం ఉన్నది 78.43 డిగ్రీల దగ్గర, అంటే ఆ కొలత గీతకు పక్కనే.

ఇప్పుడొక లెక్క. షంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం. విశాఖ నగరంలోని విమానాశ్రయం 17.72, 83.22. అక్షాంశాల తేడా 0.48, దాన్ని 111తో గుణిస్తే 53 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 4.79, దాన్ని 106తో గుణిస్తే 508. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 511 కిలోమీటర్లు. ఢిల్లీకి ఇలాగే చేయండి. అక్షాంశాల తేడా 11.33, అంటే 1,258 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.33 మాత్రమే. దారి మధ్యలో డిగ్రీకి 102 చొప్పున వేసుకుంటే 136. మొత్తం 1,265. అదే ఢిల్లీకి రైల్లో పోతే 1,650 కిలోమీటర్లు దాటుతుంది. దేశంలోపలి ప్రయాణాలన్నిటికీ ఈ త్రిభుజం సరిపోతుంది. ఇంత చిన్న మేర మీద భూమి వంపు లెక్కను పెద్దగా చెడగొట్టదు.

ఖండాలు దాటేటప్పుడు త్రిభుజం పనికిరాదు. గోడమీది ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా ఉత్తర భాగం, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతుంది. పటం మీది ఆ గీతను భూమ్మీద కొలిస్తే దాదాపు 17,700 కిలోమీటర్లు. అసలు కనీస దూరం 14,420. తేడా మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఒక బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి పట్టుకోండి. రెండూ పైభాగంలో, ఒకదానికొకటి ఎదురు వైపుల ఉంటే దారం నడుము చుట్టూ తిరగదు, తొడిమ దగ్గరగా పోతుంది. షంషాబాద్, డాలస్‌ల మధ్య రేఖాంశాల ఎడం 175 డిగ్రీల పైన. అంటే ఇంచుమించు ఎదురెదురు. కనక దారం ఉత్తర ధ్రువం దాపునే పోవాలి. ఇక్కడ త్రికోణమితి కూడా అక్కర్లేదు. షంషాబాద్ నుంచి ధ్రువానికి 90లోంచి 17.24 తీసేస్తే 72.76 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్ విమానాశ్రయానికి 90లోంచి 32.90 పోగా 57.10. కలిపితే 129.86 డిగ్రీలు, డిగ్రీ పొడవును ఇంకాస్త కచ్చితంగా తీసుకుంటే కిలోమీటర్లలో 14,440. పూర్తి గోళ త్రికోణమితి సూత్రంతో వచ్చేది 14,420. ఇరవై కిలోమీటర్ల తేడా! తెలుగువాళ్లు అంతమంది ఉంటున్న ఊరికి మన ఊరి నుంచి దగ్గరి దారి ధ్రువం మీదుగా ఉందన్న సంగతి రెండు తీసివేతలు, ఒక కూడికతో తేలిపోయింది. ఇది కాగితానికే పరిమితమైన దారి అనుకోకండి. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే ఉన్న పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా, దాదాపు 14,000 కిలోమీటర్లు, సుమారు పదిహేడు గంటల్లో విమానం తీసుకొచ్చింది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ న్యాయమైనవే. భూమి నిఖార్సైన గోళం కాదు కదా, ఈ లెక్క తప్పు కదా అన్నది మొదటిది. నిజమే. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. గోళమనుకుని లెక్కిస్తే వచ్చే పొరపాటు మహా అయితే నూటికి అర. డాలస్ దూరంలో అది డెబ్భై కిలోమీటర్లు, విమానానికి అయిదు నిమిషాలు. గాలి వాటం ఒక్కటే దీనికి పదింతల తేడా తెస్తుంది కాబట్టి సర్వేయర్లు తప్ప ఇంకెవరూ దీని గురించి బెంగపడనక్కర్లేదు.

రెండో అభ్యంతరం బరువైనది. విమానాలు ఆ గీత మీద ఎగరవు గదా, అలాంటప్పుడు ఆ అంకె ఎందుకంటారు. ఎగరవన్న మాట వాస్తవమే. ఏ దేశం ఆకాశం ఎవరికి తెరిచి ఉందన్న దాన్ని బట్టి దారులు మారతాయి. 2019 ఫిబ్రవరి చివర పాకిస్తాన్ తన గగనతలం మూసేసి జులైలో గానీ తెరవలేదు. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమాన సంస్థలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి యూరప్ వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదికి దిగి చుట్టూ తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ గీత పాకిస్తాన్ భూభాగాన్ని తాకదు కాబట్టి ఆ దెబ్బ ఢిల్లీకి తగిలినట్టు మనకు తగల్లేదు. 2022లో రష్యా తన ఆకాశాన్ని యూరప్ సంస్థలకు మూసేశాక హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటలు పట్టే ఫిన్నెయిర్ ప్రయాణం పదమూడు గంటలకు సాగింది. ఇవన్నీ తెలిసీ ఆ కనీస దూరం లెక్క ముఖ్యమనే అంటాను. ఏ దారీ దానికంటే తక్కువ కాలేదు. మిగతా దారులన్నిటినీ దాని పక్కన పెట్టి కొలవొచ్చు. ఈ అంకె చేతిలో లేకపోతే చుట్టు ఎంతో తెలియదు. అది తెలియనప్పుడు ఎవరు ఏ దారి దగ్గరిదన్నా నమ్మాల్సిందే.

దాని ఉపయోగం ఇప్పుడే చూడండి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి మధ్యలో ఒక చోట మారాలి. దుబాయ్‌లో మారితే 2,550, 12,930 కలిపి దాదాపు 15,480 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే 7,120, 8,260 కలిపి 15,380. పటం చూసి ఒకటి చుట్టనీ ఇంకొకటి దగ్గరనీ వాదించుకునేవాళ్లుంటారు. రెంటికీ తేడా నూరు కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు కూడా కాదు. రెండూ కనీస దూరం కంటే నూటికి ఏడు పాళ్లే ఎక్కువ. అంటే దూరాన్ని బట్టి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడంలో అర్థమే లేదు. ఎంపిక జరగాల్సింది మారే చోట ఎన్ని గంటలు కూర్చోవాలి, ఏ వేళకు దిగుతాం, ఎంత ఖర్చు అనే లెక్కల మీద. ఒక ప్రశ్నను ఇలా పక్కకు తీసిపెట్టగలగడమే దూరం లెక్కించడంలో ఉన్న లాభం.

దూరాన్ని సమయంగా మార్చేటప్పుడు చాలామంది చేసే పని, విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లని విని దాంతో భాగించడం. పెద్ద విమానాలు, అంటే బోయింగ్ 777, 787 లాంటివి, ఎత్తులో స్థిరపడ్డాక ఆ వేగంతోనే పోతాయి. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320 కాస్త తక్కువ, 830 ప్రాంతం. కానీ టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగిన క్షణం దాకా వేస్తారు. దీన్ని ఈ వృత్తిలో ఉన్నవాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, గాలికి ఎదురుగా లేచి అసలు దిక్కుకు తిరగడం, పైకెక్కడం, దిగేముందు వరసలో నిలబడటం, ఇవన్నీ నెమ్మదిగా జరిగే పనులు. దూరం వందల్లో ఉన్నా వేలల్లో ఉన్నా ఇవి ఇంచుమించు ఒక్కలాగే పడతాయి. అందుకని ఉజ్జాయింపు సూత్రం ఇలా పెట్టుకోండి: చిన్న ప్రయాణాలకు దూరాన్ని 800తో, ఆరేడు వేల కిలోమీటర్లు దాటితే 850తో భాగించి, వచ్చినదానికి అరగంట కలపండి. విశాఖకు గంటా ఎనిమిది నిమిషాలు, ఢిల్లీకి రెండు గంటలా అయిదు నిమిషాలు, దుబాయ్‌కి మూడు గంటలా నలభై నిమిషాలు వస్తుంది. విమాన సంస్థల పట్టికలు వీటికి పది ఇరవై నిమిషాల అటూ ఇటూగానే ఉంటాయి. గన్నవరం లాంటి దగ్గరి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ రెక్కపంకా విమానానికి 800 బదులు 500 వేసుకోవాలి. షంషాబాద్ నుంచి గన్నవరం 264 కిలోమీటర్లు, లెక్క ప్రకారం గంట. చిన్న దూరాలలో ఆ అరగంటే సగం ప్రయాణమన్నది గమనించండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఈ సూత్రానికి లొంగనిది గాలి ఒక్కటే. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, అంటే విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో అది గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటుతుంది. దుబాయ్ నుంచి మనవైపు వచ్చేటప్పుడు పోయినప్పటికంటే తక్కువ సేపు పట్టడానికి కారణమిదే. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా పట్టేది ఆరు గంటల పైన. ఇంతకంటే గట్టి ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య కనీస దూరం 12,400 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 2015 డిసెంబరులో మొదలైన ఎయిరిండియా విమానం అట్లాంటిక్ వైపు నుంచి సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో ఆ సంస్థ దిక్కు మార్చి పసిఫిక్ మీదుగా పోనిచ్చింది. దారి 15,300 కిలోమీటర్లయింది, 1,400 ఎక్కువ. సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. వెనక నుంచి గాలి తోసింది మరి. దూరం ఎక్కువైతే సమయమూ ఎక్కువవుతుందని గట్టిగా నమ్మేవాళ్లకు ఈ ఒక్క సంఘటన చాలు. దూరం నుంచి కాలాన్ని అంచనా కట్టొచ్చు గానీ, పడమటికి పోతున్నామా తూర్పుకు వస్తున్నామా అని అడక్కుండా ఆ అంచనాను నమ్మకూడదు.

ఇక గడియారాల సంగతి. తెలుగు ఇళ్లలో ఎక్కువ గందరగోళం ఇక్కడే. టికెట్ మీద బయల్దేరే వేళ బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, చేరే వేళ చేరే ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ప్రయాణ సమయం రాదు. రెండింటినీ ముందు ఒకే గడియారంలోకి, అంటే యూటీసీలోకి, మార్చుకోవాలి. మనది యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. డాలస్ చలికాలంలో ఆరు గంటలు వెనక, వేసవిలో అయిదు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. కనక మనకూ వాళ్లకూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. ఉదాహరణకు డిసెంబరులో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు షంషాబాద్‌లో ఎక్కి, అదే సోమవారం సాయంత్రం నాలుగున్నరకు డాలస్‌లో దిగారనుకుందాం. గడియారాల ప్రకారం పన్నెండున్నర గంటలు. దానికి పదకొండున్నర కలిపితే అసలు గడిచింది సరిగ్గా 24 గంటలు. ఇవే వేళలు జులైలో అయితే 23. తిరుగు ప్రయాణం ఇదే 24 గంటలు పట్టిందనుకుంటే, సోమవారం సాయంత్రం నాలుగున్నరకు అక్కడ ఎక్కినవాళ్లు ఇక్కడ బుధవారం తెల్లవారుజామున 4కి దిగుతారు. మంగళవారం మొత్తం ప్రయాణంలోనే పోతుంది. దీనికి తోడు మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, టికెట్‌కు అర్ధరాత్రితో. 15వ తేదీ రాత్రి 12:40కి విమానమంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. 15న రాత్రి వెళ్తే విమానం వెళ్లిపోయి ఒక రోజవుతుంది. గల్ఫ్ విమానాలు, వాటి మీదుగా అమెరికా పోయే విమానాలు చాలావరకు ఆ వేళల్లోనే ఉంటాయి గనక ఈ ఒక్క విషయంలో ఇంట్లో పెద్దలకు తేదీతో పాటు వారం పేరు, ఇల్లు వదలాల్సిన వేళ రాసి ఇవ్వడం తప్పనిసరి.

ఇప్పుడు ఆ అరగంట దగ్గరికి మళ్లీ వస్తే, గడప నుంచి గడపకు పట్టే సమయంలో విమానం ఎగిరే కాలం ఒక ముక్క మాత్రమే. సికింద్రాబాద్ నుంచి విజయవాడకు విమానంలో వెళ్లే మనిషిని తీసుకోండి. షంషాబాద్ చేరడానికి గంట పైన, ముందుగా అక్కడ ఉండాల్సింది గంటన్నర నుంచి రెండు గంటలు, విమానం గంట, దిగి సామాను తీసుకుని గన్నవరం నుంచి ఊళ్లోకి గంట. అయిదు గంటలు. 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ విజయవాడకు నాలుగు గంటలకు కాస్త పైన చేరుస్తుంది. కారులో పోయినా అయిదు గంటల్లోపే. గంట ప్రయాణమన్న మాట ఇక్కడ ఎవరికీ ఉపయోగపడని నిజం. విశాఖకు వస్తే తూకం తిరగబడుతుంది. రైలు 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటలు నడుస్తుంది, విమానంలో గడప నుంచి గడపకు అయిదు గంటలే పడుతుంది. ఎగరని సమయం ఎంత దూరానికైనా నాలుగు గంటలు ఉంటుంది కాబట్టి మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు ఊళ్లకు విమానం గెలవడం అరుదు. విమానాశ్రయం ఊరికి ఎంత దూరమన్నదీ ఇందులోకే వస్తుంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి షంషాబాద్‌కు మారాయి. ఢిల్లీ లెక్కలో అది గాలిలో రెండు నిమిషాల తేడా. సికింద్రాబాద్ వాసికి నేల మీద గంట.

ఇదంతా ఫోను చెప్పేస్తుంది కదా, మనం ఎందుకు కట్టాలని అడిగేవాళ్లుంటారు. ఫోను చెబుతుంది, తప్పు లేకుండా చెబుతుంది. అయితే అది అడిగినదానికే జవాబిస్తుంది. అడిగినది తప్పయితే ఆ సంగతి చెప్పదు. హైదరాబాద్ అని కొడితే సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ కూడా రావచ్చు. దాని కోడ్ హెచ్‌డీడీ, మనది హెచ్‌వైడీ. శాన్‌హోసే అన్న పేరుతో కాలిఫోర్నియాలో ఒక విమానాశ్రయం, కోస్టారికాలో ఒకటి ఉన్నాయి, ఎస్‌జేసీ, ఎస్‌జేఓ. డాలస్‌కే రెండున్నాయి, డీఎఫ్‌డబ్ల్యూ, లవ్ ఫీల్డ్. దూరం చూపే అంకె కిలోమీటర్లా, మామూలు మైళ్లా, 1.852 కిలోమీటర్ల నాటికల్ మైళ్లా అన్నదీ చూడకపోతే అదే డాలస్ 14,420గా, 8,960గా, 7,790గా కనిపిస్తుంది. ముందే మనసులో ఒక ఉజ్జాయింపు ఉన్నవాళ్లు ఇలాంటివి చూడగానే ఆగుతారు. లేనివాళ్లు డబ్బు కట్టేస్తారు. పోతే, విమాన సంస్థలు పట్టికలో ఆలస్యాలకు కొంత వెసులుబాటు కలిపి వేస్తాయి కాబట్టి మన లెక్క వాటితో కలవదని అనొచ్చు. కలవకపోవడమే సమాచారం. లెక్కకు రెండు గంటలు వచ్చిన చోట పట్టిక రెండు గంటలా ముప్పావు చూపిస్తుంటే, గాలి ఎదురన్నా కావాలి, దారి చుట్టన్నా కావాలి, దిగే చోట రద్దీ అన్నా ఉండాలి. ఆ తర్వాత ఎక్కాల్సిన విమానానికి ఎంత వ్యవధి పెట్టుకోవాలో దాన్నుంచే తెలుస్తుంది.

ఆ వ్యవధి గురించి మాత్రం పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతాను. దారిలో వెయ్యి కిలోమీటర్లు ఎక్కువైతే పోయేది గంటా పది నిమిషాలు. మారే చోట విమానం తప్పితే పోయేది ఒక రోజు, ఒక్కోసారి టికెట్ డబ్బు కూడా. తలుపులు బయల్దేరే వేళకు ఇరవై, పాతిక నిమిషాల ముందే మూస్తారు కాబట్టి గంటన్నర వ్యవధి అంటే చేతిలో ఉండేది గంట. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే మిగిలేది అరగంట. ఇంగ్లిష్ అంతగా రాని, గబగబా నడవలేని తల్లిదండ్రులను పంపేటప్పుడు మూడు నాలుగు గంటల వ్యవధి ఉన్నది చూడండి. అమెరికాలో ఇమిగ్రేషన్ మొదట దిగిన ఊళ్లోనే చేస్తారు. సామాను అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. కనక డాలస్ వెళ్లేవాళ్లకు షికాగోలోనో న్యూయార్క్‌లోనో మారే టికెట్ కంటే విదేశంలోనే మారి నేరుగా డాలస్‌లో దిగే టికెట్ మేలు. న్యూయార్క్‌లో అయితే దిగేదీ మళ్లీ ఎక్కేదీ ఒకే విమానాశ్రయమేనా అని తప్పక చూసుకోండి. కెనడీ, నెవార్క్‌ల మధ్య గాలి దూరం 33 కిలోమీటర్లే, కానీ ఆ మధ్యలో మన్‌హాటన్ ఉంది. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు వేరే విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థది. విడివిడిగా కొన్న టికెట్లయితే రెండోదాని నష్టం మీదే. పెళ్లి ముహూర్తం, కాలేజీలో చేరే ఆఖరి తేదీ లాంటివి ఉన్నప్పుడు ఒక రోజు ముందు చేరేలా టికెట్ కొనండి. హోటల్‌కయ్యే ఖర్చును మొదటే ప్రయాణం ఖర్చులో వేసుకోండి.